ఉప్పునీటి తొట్టెలో పాచి పద్దు

నీళ్ళు మారుస్తూనే ఉన్నాం కదా, పాచి మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తోంది?

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ రెండో నెలలోనో మూడో నెలలోనో వినిపించే ప్రశ్న ఇది. గోల్డ్‌ఫిష్‌లు, గప్పీలు పెంచి చెయ్యి తిరిగినవాళ్ళకు కూడా తప్పదు. అద్దం తుడిచిన నాలుగో రోజుకే మసక పచ్చదనం. ఇసుక పైపొర తీసేస్తే మర్నాడు మధ్యాహ్నానికి గోధుమరంగు తెర. దుకాణానికి వెళితే ఒక సీసా చేతిలో పెట్టి రోజుకు ఇన్ని చుక్కలు వేయమంటారు. పాచి ఏ రంగులో ఉంది, ఇసుక మీద పట్టిందా రాళ్ళ మీదా, దీపం ఆర్పాక ఉంటోందా పోతోందా అని ఎదురు అడిగే దుకాణదారు అరుదు. ఆ ప్రశ్నలు మనమే వేసుకోవాలి. ఒక రకం పాచిని చంపే చికిత్స ఇంకో రకానికి పుష్టినిస్తుంది కాబట్టి, సీసా మూత తీయడానికి ముందే శత్రువు పేరు తెలియాలి.

అంతకన్నా ముందు పాచికి మేత ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. ఉదాహరణకు కామ్‌రేజ్‌నే తీసుకుందాం. సూరత్ శివారులో 48వ నంబరు జాతీయ రహదారి మీద, తాపీ ఒడ్డున ఉన్న ఊరు. మన పాఠ్యపుస్తకాల్లోని తపతి నదే ఈ తాపీ. చుట్టుపక్కల చెరకు తోటలు. మగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి సూరత్‌లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక అక్కడి నీళ్ళ రుచి మనవాళ్ళకు కొత్తేమీ కాదు. సూరత్ నగరపాలక సంస్థ 2014లో పాల్ ప్రాంతంలో జగదీశ్‌చంద్ర బోస్ పేరిట పెద్ద అక్వేరియం తెరిచింది. అది చూసి ఇంట్లో చిన్నది పెట్టుకోవాలని పిల్లలు మారాం చేయడంలో వింత లేదు.

సముద్రం కూడా దగ్గరే. కానీ డూమస్ తీరానికి వెళ్ళి డబ్బాల్లో నీళ్ళు పట్టుకొస్తే తొట్టెకు పనికిరావు. ఖంభాత్ గల్ఫ్‌లో ఆటుకూ పోటుకూ మధ్య తేడా మన దేశంలోకెల్లా ఎక్కువ, కొన్ని చోట్ల పది మీటర్లు దాటుతుంది. నర్మద, తాపీ, మహి, సబర్మతి తెచ్చిపోసిన ఒండ్రును ఆ పోటు రోజుకు రెండుసార్లు కలియతిప్పుతుంది. అందుకే అక్కడి సముద్రం నీలంగా కాక టీ రంగులో కనిపిస్తుంది. కాబట్టి కామ్‌రేజ్ మనిషి చేయగలిగింది ఒక్కటే: ప్యాకెట్‌లో వచ్చే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు 35 గ్రాముల చొప్పున ఇంటి నీళ్ళలో కలుపుకోవడం. పేచీ అంతా ఆ ‘ఇంటి నీళ్ళ’ దగ్గరే మొదలవుతుంది.

నీళ్ళతోపాటు వచ్చేవి

పాచికి కావలసినవి మూడు: వెలుతురు, నత్రజని, భాస్వరం. పొలంలో యూరియా, డీఏపీ ఏ పని చేస్తాయో తొట్టెలో నైట్రేటు, ఫాస్ఫేటు అదే పని చేస్తాయి. ఇది తొట్టెకే పరిమితమైన సంగతి కాదు. కామ్‌రేజ్‌కు దిగువన, సూరత్‌లో సింగణ్‌పోర్ వియర్ వెనక తాపీ నీరు నిలిచిన చోట గుర్రపుడెక్క పరుచుకుంటుంది. యంత్రాలు పెట్టి తీయించినా మళ్ళీ వస్తుంది. మురుగు మోసుకొచ్చే ఎరువు ఆగనంతకాలం ఆకు తీసేవాడి పని తీరదు.

బోరునీటిలో నైట్రేటు, ఫాస్ఫేటులతోపాటు కరిగిన సిలికా కూడా ఉంటుంది. తాగితే మనకేమీ కాదు. తొట్టెలో మాత్రం ఆవిరి అనే చిక్కుంది. సూరత్ ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కకుండా తొట్టె మీదకు చిన్న ఫ్యాను తిప్పుతారు. మంచి ఉపాయమే, చిల్లర్ కొనలేనివాళ్ళకు అదే దిక్కు. కానీ ఫ్యాను చల్లబరిచేది నీటిని ఆవిరి చేసే. 200 లీటర్ల తొట్టె నుంచి రోజుకు మూడు లీటర్లు పోతున్నాయనుకుందాం. నెలకు 90 లీటర్లు. పోయేది ఉత్త నీరు, మనం మళ్ళీ పోసేది ఖనిజాలున్న నీరు. ఆ నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నైట్రేటు ఉంటే, నెల తిరిగేసరికి చేపకు ఒక్క పలుకు మేత వేయకపోయినా తొట్టె నైట్రేటు లీటరుకు 9 మిల్లీగ్రాములు పెరుగుతుంది. తొట్టెలో నైట్రేటు మొత్తం పది లోపు ఉంచాలని చూసేవాళ్ళకు అది చిన్న అంకె కాదు.

“మా ఇంట్లో ఆర్‌వో ఉంది కదా” అంటారు. ఉంది, కానీ మనం తాగడానికి కొన్నది. రుచి కోసం చాలా ఇంటి ఆర్‌వో మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. పొరగుండా వెళ్ళని నీటిని అది కొంత తిరిగి కలుపుతుంది. అందువల్ల గ్లాసులోకి వచ్చే నీటి టీడీఎస్ ఎనభయ్యో నూటయాభయ్యో చూపిస్తుంది. తొట్టెకు కావలసింది సున్నా. ఇంకో సంగతి దీనికన్నా ముఖ్యం. ఈ మధ్య చాలా మిషన్లలో ‘కాపర్’ క్యాట్రిడ్జ్ పెడుతున్నారు. రాగిచెంబు నీళ్ళ మీద మనకున్న గౌరవం సరే, నత్తలకూ రొయ్యలకూ సీ అర్చిన్లకూ రాగి విషం. పాచి తినడానికి తెచ్చిన నత్తలు రెండు రోజుల్లో వరసగా చస్తుంటే మొదట అనుమానించాల్సింది ఆ క్యాట్రిడ్జ్‌ను. అక్వేరియం కోసం విడిగా ఒక ఆర్‌వో, దాని చివర అయాన్లను పట్టేసే రెజిన్ గొట్టం ఉండాలి. ఈ జోడీని ఆర్‌వో-డీఐ అంటారు. సిలికాలో మిగిలిన కాస్తను ఆపేది ఆ రెజినే.

పేరు తేల్చుకోవడం

రంగు చూసి పేరు పెట్టడం మోసం. గోధుమరంగు పాచి అంటే కనీసం రెండు వేరు వేరు జీవులు కావచ్చు. వాటి చికిత్సలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

కొత్త తొట్టెలో ముందుగా వచ్చేది గాజుపెంకు పాచి, అంటే డయాటమ్‌లు. నీటిలోని సిలికాతో ఒంటిచుట్టూ గాజు డబ్బీ కట్టుకునే ఒంటికణ జీవులు. ఇసుక మీదా అద్దం మీదా పలచటి గోధుమ పొడిలా పడతాయి. వేలితో రాస్తే ఇట్టే పోతాయి. సిలికా అయిపోగానే చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. వీటి కోసం మందు కొనేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

ఎర్రగానో ఊదాగానో ఇసుక మీద దుప్పటిలా పరుచుకుని, అంచు పట్టి లాగితే ముక్కలు ముక్కలుగా లేచి వచ్చేది జిగురు పాచి. చూడటానికి పాచే అయినా ఇది బాక్టీరియా, సయనోబాక్టీరియా. భూమి గాలిలోకి ఆక్సిజన్‌ను మొదట నింపిన వంశం ఇది, రెండు వందల కోట్ల ఏళ్ళకు పైబడిన చరిత్ర. ఆరోగ్యానికని మాత్రల్లో మింగే స్పిరులినాదీ ఇదే కులం. వీటిలో కొన్ని నీటిలో కరిగిన నత్రజని వాయువునే పట్టుకుని ఎరువుగా మార్చుకోగలవు. అంటే నైట్రేటు సున్నా చేసి వీటిని మాడ్చడం కుదరదు. పైగా పోటీదార్లు మాడిపోయి వీటికి చోటు దొరుకుతుంది. నీటి కదలిక లేని మూలల్లో, మేత పేరుకున్న చోట ఇవి ఎక్కువ. పంపు ముఖం అటు తిప్పి, గొట్టంతో పొరను లాగేస్తే సగం పని అవుతుంది.

పచ్చటి పోగులుగా రాళ్ళ మీద జుట్టులా పెరిగేది జుట్టు పాచి. దాంట్లో ఒక పోగు తీసి తెల్ల సాసర్లో నీళ్ళు పోసి పరిచి చూడండి. ఉత్త దారంలా ఉంటే డెర్బీసియా వంటి మామూలు రకం. మధ్య కాడకు రెండు వైపులా ఈకలా చిన్న కొమ్మలుంటే బ్రయాప్సిస్. ఈ ఈక పాచిని చాలా చేపలూ నత్తలూ ముట్టవు. ముదురాకుపచ్చ గాజుపూసలా మెరిసే గుండ్లు కనిపిస్తే అది బుడగ పాచి, వలోనియా. ఒక్కో పూసా ఒక్కటే కణం. కొన్ని జాతుల్లో ఆ ఒక్క కణం గోళీకాయను మించి పెరుగుతుంది. దాన్ని తొట్టెలోనే చిదిమితే లోపలి పిల్లలు నీళ్ళలో కలుస్తాయి. గోటితో మొదలంటా ఊడదీసి, పగలకుండా బయటికి తేవాలి. పని నెమ్మది, కానీ దీనికి దగ్గరదారి లేదు.

ఇక అసలు మాయలమారి: గోధుమరంగులో, చీమిడిలా సాగుతూ, పోగుల చివర్లలో గాలిబుడగలు చిక్కుకుని ఉండేది. డైనోఫ్లాజెల్లేట్లు. చిన్న కొరడాలతో ఈదే జీవులు కనుక కొరడా పాచి అందాం. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో రాత్రిపూట అలలు నీలంగా వెలిగినప్పుడు జనం ఎగబడి చూశారు కదా, ఆ నాక్టిల్యూకా ఈ జాతిదే. తొట్టెలోకి వచ్చేవి అంత అందగాళ్ళు కావు. కొన్ని రకాలు విషం తయారుచేస్తాయి. వాటిని తిన్న నత్తలు పడిపోతాయి. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో ఆస్ట్రియాప్సిస్ అనే రకం విజృంభించినప్పుడు, సముద్రపు తుంపర పీల్చిన దాదాపు 200 మంది జ్వరం, దగ్గుతో వైద్యం కోసం వెళ్ళాల్సి వచ్చింది.

డయాటమా, డైనోనా తేల్చడానికి ఇంట్లోనే చేయగల పరీక్ష ఉంది. సిరంజితో కొంచెం పాచి, కొంచెం తొట్టె నీరు లాగి గాజు గ్లాసులో పోయండి. చిక్కులన్నీ విడిపోయేలా గట్టిగా కదపండి. కాఫీ ఫిల్టరు కాగితంలోనో రెండు మడతల టిష్యూలోనో వడకట్టి, దిగిన నీళ్ళను వెలుతురులో పెట్టండి. గంట తర్వాత ఆ నీళ్ళలో పోగులు మళ్ళీ కూడుకుని తేలితే డైనోలు. కూడుకోకపోతే వేరేవి. ఇంకా గట్టి రుజువు కావాలంటే బడిపిల్లల మైక్రోస్కోపు చాలు. నాలుగు వందల రెట్లలో చూస్తే డయాటమ్‌లు పడవలుగానో పుల్లలుగానో కనిపిస్తాయి, కదలిక ఉన్నా అతి నెమ్మది. ఆస్ట్రియాప్సిస్ నీటిబొట్టు ఆకారంలో, ఒక కొనను ఎక్కడో తగిలించుకుని అక్కడే గిరగిరా తిరుగుతుంది. ఆంఫిడినియం అనే ఇంకో రకం డైనో కోడిగుడ్డు ఆకారంలో ఇసుక రేణువుల మధ్య దూరి తిరుగుతుంది. ఈ రెంటికీ తేడా ఎందుకో తర్వాత వస్తుంది.

జమ, ఖర్చు, పాత బాకీ

జుట్టు పాచి సంగతి ముందు చూద్దాం, ఎక్కువ ఇళ్ళలో గొడవ దానిదే. సూరత్ బట్టల మార్కెట్‌లో గుమాస్తా సాయంత్రానికి జమ, ఖర్చు రాసి అడుగున నిల్వ తేలుస్తాడు. తొట్టెకూ అలాంటి పద్దు పెట్టుకోవచ్చు. మేత, నీళ్ళు జమ. తొట్టె దాటి బయటికి పోయింది ఖర్చు. మిగిలిన నిల్వే పాచి.

జమ వైపు చూడండి. ఒక గ్రాము పొడి మేతలో సుమారు ఒక శాతం భాస్వరం ఉంటుంది, అంటే పది మిల్లీగ్రాములు. ఫాస్ఫేటు రూపంలోకి మారితే ముప్ఫై మిల్లీగ్రాములు. 200 లీటర్లలో కలిస్తే లీటరుకు 0.15. తొట్టెలో ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మధ్య ఉంచుకోవాలని అనుభవజ్ఞులు చెప్పేది. అంటే ఒక్క గ్రాము మేతతోనే గీత దాటాం. చేప ఒంటికి పట్టేది కొంతే, మిగతాది దాని విసర్జనలో తిరిగి నీళ్ళలోకే వస్తుంది. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయమని చెప్పేది ఇందుకే. బజారు నుంచి తెచ్చి ఫ్రీజర్లో పెట్టిన రొయ్యలైతే కరిగాక కారిన రసాన్ని పారబోసి, ముక్కలు కడిగి వేయాలి.

ఖర్చు వైపు ఏమున్నాయి? నీళ్ళు మార్చడం ఒకటి. నైట్రేటు 40 ఉంటే, పావు వంతు చొప్పున ఐదుసార్లు మారిస్తేగానీ పది దరిదాపుల్లోకి రాదు, అదీ మధ్యలో కొత్త జమ లేకపోతే. నెలకొకసారి మార్చి పాచి పోలేదనేవాళ్ళకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. ప్రొటీన్ స్కిమ్మర్ సన్నటి బుడగలతో మురికిని నురుగుగా తీసి కప్పులో పోస్తుంది. కుళ్ళకముందే పోతుంది కనుక అది మంచి ఖర్చు. ఐరన్ ఆక్సైడ్‌తో చేసిన ఇనుప గుళికలు ఫాస్ఫేటును పట్టేస్తాయి.

నత్తలు, పాచి తినే చేపలు? వీటిని ఖర్చు కింద రాసేవాళ్ళు చాలామంది. నా లెక్కలో అది పద్దు మార్చడమే. నత్త తిన్న పాచి నత్త మలంగా తొట్టెలోనే ఉంటుంది. అయినా నత్తలు కావాలి, చిగురు వేస్తున్నప్పుడే గీకేస్తాయి కనుక. పొడుగు పెరిగాక వాటివల్ల కాదు. మొదట మనిషి చేత్తో పీకాలి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి, రుద్దిన చోటే గొట్టం పెట్టి లాగాలి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: పెద్ద టాప్‌షెల్ వంటి కొన్ని సముద్రపు నత్తలు, 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలన్నీ, వన్యప్రాణి రక్షణ చట్టం కిందకు వచ్చాయి. ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మే రాయి పగడపు దిబ్బ నుంచి విరిచిందైతే అది కూడా నేరమే. పింగాణీ, సిమెంటు రాళ్ళతో తొట్టె బాగానే నడుస్తుంది.

అన్నిటికన్నా తెలివైన ఖర్చు పాచితోనే పెట్టించడం. తొట్టె కింద రెఫ్యూజియం అనే వేరే గదిలో కీటోమార్ఫా అనే స్టీలు పీచులాంటి నాచును పెంచి, పెద్ద తొట్టెలో దీపం ఆరినప్పుడు అక్కడ దీపం వేస్తారు. అది పెరిగేకొద్దీ పిడికెడు పీకి బయట పారేస్తారు. పీకినప్పుడే ఖర్చు. పీకకుండా అలాగే వదిలేసి “మా దగ్గర రెఫ్యూజియం ఉంది” అనడం దండగ. 1980ల్లో అమెరికాలోని స్మిత్‌సోనియన్‌లో వాల్టర్ ఏడీ ఇదే సూత్రం మీద, ఒక జాలీ మీద పాచిని పట్టనిచ్చి గీకి పారేసే యంత్రాన్ని తయారుచేశాడు.

అన్నీ సరిగ్గా చేసినా వారాల తరబడి పాచి తగ్గకపోవచ్చు. పరీక్ష కిట్‌లో ఫాస్ఫేటు సున్నా చూపిస్తుంది, రాయి మీద జుట్టు మాత్రం దట్టంగా ఉంటుంది. కారణాలు రెండు. నీళ్ళలోకి వచ్చిన ఫాస్ఫేటును వచ్చినట్టే పాచి తాగేస్తోంది, కిట్‌కు మిగలడం లేదు. రెండోది పాత బాకీ. నెలల తరబడి ఫాస్ఫేటు ఎక్కువున్న నీళ్ళలో నానిన రాళ్ళూ ఇసుకా దాన్ని పట్టి ఉంచుతాయి. నీళ్ళలో తగ్గగానే మెల్లగా వదులుతాయి. ఆ బాకీ తీరేదాకా ఆగాల్సిందే. ఈ దశలోనే ఓపిక నశించి సీసాల వైపు చెయ్యి పోతుంది.

పస్తు పెడితే బలిసేది

ఓపిక లేనివాళ్ళు చేసే పని ఇది: మేత దాదాపు ఆపేయడం, ఇనుప గుళికలు రెండింతలు వేయడం, నైట్రేటు, ఫాస్ఫేటు రెంటినీ సున్నాకు దించడం. జుట్టు పాచి మాడిపోతుంది. పది రోజులకు ఇసుక మీద గోధుమ చీమిడి పోగులు మొదలవుతాయి. అమెరికా శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934లో సముద్రాల నీళ్ళనూ అందులో తేలే జీవుల ఒంటినీ పోల్చి చూసి, నత్రజని, భాస్వరం ఒక నిష్పత్తిలోనే తిరుగుతాయని చూపించాడు. భాస్వరం ఒకటైతే నత్రజని పదహారు. అంటే రెండూ కావాలి. సున్నా దగ్గర పచ్చపాచీ బాక్టీరియా పస్తుండి తగ్గిపోతాయి. డైనోలు మాత్రం తట్టుకుంటాయి. వాటిలో చాలా రకాలు వెలుతురుతో బతుకుతూనే అవసరమైతే బాక్టీరియాను మింగి కడుపు నింపుకుంటాయి.

డైనోల దగ్గర నీళ్ళు మార్చడం ఆపాలి, మేత కాస్త పెంచాలి, నైట్రేటు, ఫాస్ఫేటు కనిపించేంతగా తిరిగి రానివ్వాలి. జుట్టు పాచికి మనం చేసినదానికి ఇది సరిగ్గా తలకిందులు. కొందరు కావాలనే సిలికా కలిపి డయాటమ్‌లను పెంచుతారు, అవి చోటు ఆక్రమిస్తే డైనోలకు నిలవడానికి ఉండదని. ఇందాక మైక్రోస్కోపులో తేల్చుకున్న తేడా ఇక్కడ పనికొస్తుంది. ఆస్ట్రియాప్సిస్ రాత్రి ఇసుక వదిలి నీళ్ళలోకి లేస్తుంది కనుక, రాత్రంతా ఆ నీటిని అతినీలలోహిత దీపం గుండా తిప్పితే చస్తుంది. ఆంఫిడినియం ఇసుక వదలదు. దాని కోసం యూవీ దీపం కొంటే డబ్బు దండగ.

మందుల విషయం క్లుప్తంగా. జిగురు పాచి బాక్టీరియా కనుక యాంటీబయాటిక్‌తో పోతుంది, దాంతోపాటు మలినాలను శుద్ధిచేసే మంచి బాక్టీరియాకూ దెబ్బ తగలవచ్చు. ఈక పాచి మీద ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు పనిచేస్తుందని పెంపకందార్లు కనిపెట్టారు. చచ్చిన పాచి కుళ్ళి ఎరువంతా తిరిగి నీళ్ళలోకి వస్తుంది, కాబట్టి మందుకు ముందు చేత్తో పీకగలిగినంతా పీకాలి. మూడు రోజులు చీకట్లో ఉంచడం కూడా ఇంతే. పాచి వెనక్కి తగ్గుతుంది, పద్దులో నిల్వ మాత్రం పైసా తగ్గదు. దీపం రోజుకు ఎనిమిది గంటలు మించకుండా, కిటికీ ఎండ తగలని గోడ పక్కన తొట్టె పెడితే ఈ పాట్లలో కొన్ని మొదలే కావు.

తీసిన పాచి ఎక్కడికి

1984లో మొనాకోలోని సముద్రశాస్త్ర మ్యూజియం కిటికీల కింద, మధ్యధరా సముద్రంలో ఒక చదరపు మీటరు మేర కొత్త నాచు కనిపించింది. కాలెర్పా టాక్సిఫోలియా. ఉష్ణమండలపు మొక్క, అక్వేరియాల్లో అందంగా ఉంటుందని పెంచేవాళ్ళు. కొన్నేళ్ళలోనే వేల ఎకరాల సముద్రగర్భం మీద పరుచుకుంది. 2000లో కాలిఫోర్నియాలోని ఒక ఉప్పునీటి కయ్యలో అదే కనిపించినప్పుడు అక్కడివాళ్ళు దాని మీద టార్పాలిన్లు కప్పి, కింద క్లోరిన్ ఎక్కించి చంపారు. పూర్తిగా పోయిందని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది. మన దగ్గరా ఉదాహరణ ఉంది. సాగు కోసం తెచ్చిన ఫిలిప్పీన్స్ సముద్రపు నాచు కప్పాఫైకస్, తమిళనాడులో మన్నార్ గల్ఫ్‌లోని కురుసడై దీవి దగ్గర పగడాల మీదకు ఎక్కిందని 2008లో పరిశోధకులు రాశారు.

కామ్‌రేజ్‌లో సింకులో పారేస్తే ఉప్పునీటి నాచు మంచినీటి మురుగులో చావచ్చు. ఆదివారం డూమస్ షికారుకు వెళుతూ బకెట్ తీసుకుపోయి సముద్రంలో వదిలేస్తే సంగతి వేరు. ఆ సముద్రంలో లేని జీవిని అందులో కలపకూడదు, ఉన్న జీవిని కూడా తొట్టెలో పెంచాక తిరిగి వదలకూడదు. పీకిన నాచును పాత పేపర్ మీద పరిచి, మిద్దె మీద రెండు ఎండలు పూర్తిగా ఎండనిచ్చి, చెత్తబండిలో వేయండి. తులసి కుండీలో వేయాలనిపిస్తే ఎండబెట్టే ముందు మంచినీళ్ళతో రెండుమూడుసార్లు కడగండి, లేకపోతే ఉప్పుకు మొక్క చస్తుంది.